అమ్మ పెళ్ళి ఎప్పుడు?

పిఠాపురంలో మా నాన్నగారు పన్నెండు నోటుపుస్తకాల్లో తమ జీవితకథ రాసి వెళ్ళిపోయారు. సంవత్సరీకానికి అచ్చువేయిద్దామని, పుస్తకానికో ఫైలు చొప్పున కంప్యూటరులో టైపు చేశాను. అన్నీ కలపడానికి ‘క్యాట్’ అనే ఆజ్ఞ ఉందన్నాడు మా అబ్బాయి. పిల్లి కాదు సుమండీ! గొలుసుకట్టు అనే అర్థమున్న ఇంగ్లీషు మాటకు ముద్దుపేరు. 1971 నాటి యూనిక్స్ నుంచీ ఉంది. ఫైళ్ళ పేర్లు చెబితే, చెప్పిన వరుసలోనే ఒకదాని వెనక ఒకటి చేరుస్తుంది.

నేను బద్ధకించి, పేర్లకు బదులు నక్షత్రం గుర్తు పెట్టాను. తీరా చదివితే, మా అమ్మ పెళ్ళికి ముందే పోయింది! నక్షత్రం పెడితే అంకెలకూ అక్షరక్రమమేనట. 2 కంటే 10 ముందు వస్తుంది.

సూర్యరాయాంధ్ర నిఘంటువును పోషించిన మహారాజావారి ఊరు మాది. అక్షరక్రమం నిఘంటువుకు అందం, జీవితానికి కాదు. 01, 02 అని పేర్లు మార్చాను. అమ్మ మళ్ళీ పెళ్ళికూతురయింది.