మెడలో స్టెంట్ ఎందుకు వేస్తారు?

మెడకు ఒక పక్క, దవడ కింద మెల్లగా వేలు ఆనించండి. టక్ టక్‌మని కొట్టుకునేది కెరోటిడ్ ధమని. మెదడుకు రక్తం తీసుకెళ్తుంది. లోపల కొవ్వు పేరుకుని, దానిపై రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతే పక్షవాతం రావచ్చు. మెదడుకు వెళ్లే పెద్ద రక్తనాళం మూసుకుపోతే నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు చనిపోతాయని అంచనా. అందుకే చికిత్సకు అంత తొందర!

డాక్టర్లు తొడ మొదట్లోని ధమనిలోంచి సన్నని గొట్టాన్ని మెడదాకా పంపుతారు. ఎక్స్‌రే తెరపై చూస్తూ, ముడుచుకున్న వల లాంటి స్టెంట్‌ను ఇరుకైన చోట వదులుతారు. అది నికెల్, టైటానియం కలిసిన నిటినాల్. దాన్ని కప్పి ఉంచిన తొడుగు వెనక్కి లాగగానే తనంతట తానే విచ్చుకుని దారి తెరుస్తుంది. గడ్డ మెదడులోకి కొట్టుకుపోయి ఉంటే దాన్నీ బయటికి లాగుతారు.

అసలు చిక్కు ఆ తర్వాతే. స్టెంట్‌పై మళ్లీ గడ్డకట్టకుండా మందులివ్వాలి. అవే మెదడులో రక్తస్రావం తెచ్చిపెట్టొచ్చు. అందుకే అందరికీ వేయరు.

ఎవరికైనా మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా వెంటనే 108కి ఫోన్ చేయండి.