జానెడు చట్టాలు, బారెడు చట్టాలు

క్రీ.పూ. 206లో చైనాలో చిన్ సామ్రాజ్యం కూలిపోయింది. రాజధానిలో అడుగుపెట్టిన లియు బాంగ్ ఊరి పెద్దలను పిలిచి, పాత చట్టాలన్నీ రద్దు, ఇకపై మూడే మూడు ముక్కలు అన్నాడు. మనిషిని చంపితే మరణశిక్ష. గాయపరిచినా, దొంగిలించినా నేరానికి తగ్గ శిక్ష. చిన్ రాజుల కఠిన శాసనాల కింద నలిగిన జనం పండగ చేసుకున్నారు. చట్టాలు చిన్నవిగా ఉండాలనేవాళ్లు ఈ కథను ఇక్కడే ఆపేస్తారు. రాజ్యం కాస్త కుదుటపడేసరికి ఆ మూడు ముక్కలూ చాల్లేదు. ఆయన మంత్రి షియావ్ హ తొమ్మిది అధ్యాయాల స్మృతి తయారుచేయాల్సి వచ్చింది. సరుకు ఎక్కడి నుంచి తెచ్చాడనుకున్నారు? రద్దు చేసిన ఆ చిన్ చట్టాల నుంచే ఏరుకున్నాడు.

ప్రష్యాలో కథ తలకిందులుగా నడిచింది. అక్కడ 1794లో అమల్లోకి వచ్చిన స్మృతిలో 19,000కు పైగా పేరాలు. లోకంలో రాగల ప్రతి తగాదాకూ జవాబు ముందే రాసిపెడితే జడ్జీలు సొంత తెలివి వాడే పని ఉండదని రచయితల ఆశ. ముసాయిదా చూసిన రాజు రెండో ఫ్రెడరిక్, ఇది మరీ లావుగా ఉంది, చట్టాలు క్లుప్తంగా ఉండాలి కదా అని విసుక్కున్నాడు. ఆయన 1786లో పోయాడు. పుస్తకం లావు మాత్రం తగ్గలేదు.

ప్రష్యా స్మృతి వచ్చిన పదేళ్లకు నెపోలియన్ తెచ్చిన ఫ్రెంచి పౌర స్మృతి 2,281 అధికరణాల్లో ముగిసింది. నవలాకారుడు స్టెంధాల్ తన నవల రాసే రోజుల్లో శైలి చెడకుండా రోజూ పొద్దున్నే ఆ స్మృతిలో రెండు మూడు పేజీలు చదువుకునేవాణ్ణని 1840లో బాల్జాక్‌కు ఉత్తరం రాశాడు. మన రెవెన్యూ కోడ్ చదివి కథ రాయడం మొదలుపెట్టిన రచయిత ఎవరైనా ఉంటే చూడాలని నా కోరిక.

మన శిక్షాస్మృతి సంగతికొస్తే, మెకాలే బృందం ముసాయిదా ఇచ్చింది 1837లో. చట్టమైంది 1860లో. అప్పటికి మెకాలే చనిపోయి తొమ్మిది నెలలు దాటింది. 511 సెక్షన్ల ఆ పుస్తకంలో అసలు గొప్పతనం ఉదాహరణల్లో ఉంది. దొంగతనానికి నిర్వచనం చెప్పి ఊరుకోలేదు. 'ఎ' జేబులో కుక్కకు ఎర పెట్టుకున్నాడు, దాని వాసనకు 'జెడ్' గారి కుక్క వెంటపడింది. కుక్క కదిలిన క్షణమే దొంగతనం జరిగిపోయినట్టు, కుక్క 'ఎ' ఇంటికి చేరే దాకా ఆగక్కర్లేదు. ఇంకో చోట ధనం పెట్టె మోసుకుపోతున్న ఎద్దు ఎదురవుతుంది. పెట్టె కాజేసే ఉద్దేశంతో దాన్ని తనకు కావలసిన వైపు తోలితే, ఎద్దు అడుగు వేసీవేయగానే ధనం దొంగిలించినట్టే, పెట్టె మీద చెయ్యి వేయకపోయినా సరే. కుక్కలూ ఎద్దులూ చేరి చట్టం పొడవు పెరిగింది, అర్థం చేసుకోవడం మాత్రం తేలికైంది. పొట్టితనం వేరు, తేలిక వేరు అనడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం నాకు కనబడలేదు.

2024 జూలై 1 నుంచి దాని స్థానంలోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 358 సెక్షన్లే. దాదాపు మూడో వంతు కొవ్వు కరిగిందని సంబరపడేముందు 2వ సెక్షన్ తెరిచి చూడండి. పాతదాంట్లో విడివిడి సెక్షన్లుగా ఉన్న నిర్వచనాలు ఇక్కడ 39 క్లాజులై ఒకే నంబరు కింద బారులు తీరి ఉంటాయి. అదే రోజు అమల్లోకి వచ్చిన, నేర విచారణ పద్ధతి చెప్పే నాగరిక్ సురక్షా సంహిత మాత్రం పాతదాని 484 సెక్షన్ల నుంచి 531కి పెరిగింది. న్యాయ సంహితలో మోసం నేరం 420 నుంచి 318కి మారింది. అయినా 'వాడొట్టి త్రీ ఎయిటీన్ గాడు' అని తిట్టేవాళ్లు పుట్టడానికి ఇంకో తరం పడుతుందేమో.

ఆదాయపన్ను చట్టం ఇంకా తమాషా. 1961 నాటి చట్టంలో చివరి సెక్షన్ నంబరు 298. తలలు లెక్కపెడితే 819! ఏటా బడ్జెట్‌కు కొన్ని చొప్పున 80సి పక్కన 80సిసిసి, 115 పక్కన 115బిఎసి అంటూ ఇరికించిన ఫలితమది. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే 2025 చట్టంలో సెక్షన్లు 536. మాటలు 5.12 లక్షల నుంచి సుమారు 2.6 లక్షలకు దిగాయి. 'అయితే' అంటూ వెనక నుంచి కాలు పట్టుకుని లాగే ప్రొవైజోలు సుమారు 1,200 పోయాయి, పట్టికలు 18 నుంచి 57 అయ్యాయి. మన 80సి ఇప్పుడు 123. ఈ చట్టం తిరగరాసినంత మాత్రాన పన్ను రేట్లు మారలేదు. కాబట్టి తగ్గింది చదివే బాధే, కట్టే బాధ కాదు.

భాష సాఫీగా ఉన్నా విధానమే చిక్కుముడి అయితే ఏమవుతుందో 2024 డిసెంబర్‌లో జీఎస్టీ మండలి పాప్‌కార్న్ మీద ఇచ్చిన వివరణలో చూశాం. అప్పటి లెక్కన విడిగా అమ్మే ఉప్పు పాప్‌కార్న్‌కు 5 శాతం, లేబుల్ వేసి ప్యాక్ చేస్తే 12, కారమెల్ పూస్తే 18. వాక్యాలన్నీ తేలికే, నవ్వుకోనివాడు లేడు.

రాజ్యాంగం 21వ అధికరణం ఇంగ్లిష్ పాఠంలో 18 మాటలే. చట్టం నిర్దేశించిన పద్ధతిలో తప్ప ఎవరి ప్రాణాన్నీ స్వేచ్ఛనూ హరించకూడదని దాని సారం. జీవనోపాధి, గోప్యత అందులోవేనని సుప్రీంకోర్టు చెబుతూ వచ్చింది. పద్నాలుగేళ్ల దాకా ఉచిత చదువు పిల్లల హక్కని 1993లో తేల్చిన ఉన్నికృష్ణన్ కేసులో ప్రతివాది ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమే. దాన్ని రాజ్యాంగంలోకి ఎక్కించడానికి 2002లో 21-ఎ, అమలు చేయడానికి 2009లో 38 సెక్షన్ల విద్యాహక్కు చట్టం కావాల్సి వచ్చాయి. అందుకే పొట్టి చట్టం కనబడితే నేను మొదట వెతికేది మిగతా పొడవు ఎక్కడ దాక్కుందా అని. రూల్స్‌లోనా, జీవోల్లోనా, తీర్పుల్లోనా, లేక కౌంటర్ వెనక కూర్చున్న గుమాస్తా దయాదాక్షిణ్యాల్లోనా?

కొంత పొడవు 1897 నాటి జనరల్ క్లాజెస్ యాక్ట్‌లో ఉంది. మగవాళ్లను సూచించే మాటలో ఆడవాళ్లూ ఉన్నట్టే, ఏకవచనంలో బహువచనం ఉన్నట్టే, సంవత్సరమంటే బ్రిటిష్ క్యాలెండర్ సంవత్సరమే, పంచాంగం చెల్లదు. గడువు ఆఖరి రోజున ఆఫీసుకు సెలవైతే మర్నాడు ఆఫీసు తెరిచాక కాగితం ఇచ్చినా చెల్లుతుంది. ఇవన్నీ ప్రతి కేంద్ర చట్టంలోనూ మళ్లీ మళ్లీ రాయకుండా ఒక్కచోట రాసి పెట్టారు.

నిర్వచనాలు ఒక్కోసారి హద్దు మీరతాయి. 1934 విమానాల చట్టం 'ఎయిర్‌క్రాఫ్ట్' కింద గాలిపటాన్నీ లెక్కవేసింది. సంక్రాంతికి పాతబస్తీ మేడ మీద పిల్లాడు ఎగరేసేది కూడా ఆ లెక్కన విమానమే. 1878 నిధుల చట్టమైతే భూమిలో పది రూపాయలకు మించిన నిధి దొరికితే కలెక్టర్‌కు రాతపూర్వకంగా తెలపమంటుంది. పొలం దున్నుతుంటే లంకెబిందెలు బయటపడాలని కలలుగనేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవడం మంచిది. చిన్న వాక్యమే, అందులోని అంకె ముసలిదైపోయింది.

కొన్ని పొట్టి శాసనాలకు మాత్రం నమస్కారం పెట్టాలి. 1918లో బ్రిటన్ స్త్రీలు కామన్స్ సభకు పోటీ చేయడానికి అడ్డు తొలగించిన చట్టంలో అసలు వాక్యం 27 మాటలే. మన మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం అలాంటిదే. తుపానుకు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకును వెనకటి రాజులు జప్తు చేసేవారు, మేము సుంకం తప్ప మరేమీ ముట్టం అని వర్తకులకు మాట ఇచ్చాడు. ఏ సరుకుకు ఎంతో పక్కనే చెక్కించాడు. రాతి మీద ఉలితో కొట్టించాల్సి వస్తే 'పైన పేర్కొన్న దానికి భంగం కలగకుండా' లాంటివి ఎవరూ రాయరు.

ఈ కాలం వాటిలో నా ఓటు 2005 సమాచార హక్కు చట్టానికి. 31 సెక్షన్లు. ఫీజు ఎంతో చట్టంలో ఉండదు, రూల్స్‌లో ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ 2005లో పెట్టిన రూల్స్ ప్రకారం గ్రామస్థాయి ఆఫీసులో ఉచితం, మండలస్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10. సమాచారం ఎందుకు కావాలో చెప్పనక్కర్లేదని 6వ సెక్షన్లో ఉంది. దరఖాస్తు తెలుగులో పెట్టొచ్చు. రాయడం రానివాళ్లు నోటితో చెబితే, దాన్ని కాగితం మీద పెట్టడానికి సాయం చేయాల్సింది ఆ ఆఫీసు సమాచార అధికారే. అదీ 6వ సెక్షనే.