పాఠాల ఫైళ్లు ఏ రూపంలో పంచుకుంటే మన పిల్లలకు మేలు?



మన జిల్లాలో తెలుగు మాధ్యమం పరిస్థితి మీకు తెలిసిందే. చదివేది తెలుగులో, పరీక్ష కర్ణాటకది. హిందూపురం పోతే తెలుగు గైడ్లు కావలసినన్ని దొరుకుతాయి, కానీ అవి ఆంధ్ర పాఠ్యక్రమానికి రాసినవి. ఇక్కడ దొరికే నోట్సు, ప్రశ్నావళులు ఎక్కువగా కన్నడంలోనో ఇంగ్లీషులోనో ఉంటాయి. అందుచేత మన పిల్లలకు సరిపోయే అభ్యాస పత్రాలు మన అయ్యవార్లే తయారు చేసుకోవాలి. బాగేపల్లిలో ఒకరు చేసింది చింతామణిలో ఇంకొకరు వాడుకోగలిగితేనే ఆ శ్రమ నిలుస్తుంది. వాడుకోగలమా లేదా అన్నది చాలామటుకు ఫైలు రూపాన్ని బట్టే ఉంటుంది.

ఫోటో: నోట్సు పేజీని ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టడం అన్నిటికన్నా సులభం. కానీ ఫోటోలో ఒక్క అక్షరం కూడా దిద్దడానికి వీలుకాదు. తప్పు పడితే అది అట్లే ఊరూరా తిరుగుతుంది.

పీడీఎఫ్: అక్షరాల ఆకారాలను తనలోనే పెట్టుకొని పోతుంది కాబట్టి ఏ ఫోన్‌లో తెరిచినా, ఏ జెరాక్స్ అంగడిలో ప్రింటు తీసినా పేజీ చెదరదు. పిల్లల చేతికివ్వడానికి ఇదే మంచిది. ఇంకో అయ్యవారికి ఇది ఒక్కటే ఇస్తే చాలదు. పీడీఎఫ్ నుంచి తెలుగు కాపీ చేస్తే ఒత్తులు, గుణింతాలు తరచూ చెల్లాచెదురవుతాయి.

దిద్దుకోగల ఫైలు: కాబట్టి పీడీఎఫ్‌తో పాటు అసలు ఫైలు, అంటే ఓడీటీ గానీ డాక్స్ గానీ, తప్పక పంపాలి. ఓడీటీ 2006లో అంతర్జాతీయ ప్రమాణమైంది. దాన్ని తెరిచే లిబ్రెఆఫీస్ ఉచితం.

ఇక్కడ ఒక షరతు ఉంది. టైపు యూనికోడ్‌లో ఉండాలి. డీటీపీ అంగళ్లలో వాడే 'అను' వంటి పాత ఫాంట్లలో పైకి తెలుగు కనబడినా లోపల ఉండేవి వేరే అక్షరాల సంకేతాలు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో అర్థంకాని గీతలు కనిపిస్తాయి. కన్నడంలో పాత నుడి, బరహ ఫైళ్లదీ ఇదే కథ. యూనికోడ్‌లో అట్లా కాదు, ప్రతి అక్షరానికీ సొంత సంఖ్య ఉంది. తెలుగు 'క' 3093, కన్నడ 'క' 3221, తేడా 128. 'మ'కైనా 'ర'కైనా అంతే తేడా. అందువల్ల కన్నడ పాఠాన్ని తెలుగు లిపిలోకి మార్చడం యంత్రానికి క్షణం పని. కానీ లిపి మారినంత మాత్రాన భాష మారదు. 'ద్యుతిసంశ్లేషణె' అని వచ్చినదాన్ని 'కిరణజన్య సంయోగక్రియ' అని దిద్దాల్సింది అయ్యవారే. దిద్దడానికి వీలున్న ఫైలు కావాలనేది ఇందుకే.

బొమ్మలు, శబ్దాలు: గుండె బొమ్మ, విద్యుత్ వలయం వంటివి ఎస్‌వీజీ రూపంలో ఉంటే భాగాల పేర్లు మార్చుకోవచ్చు. అది చేతకాకపోతే గీతల బొమ్మలకు పీఎన్‌జీ, ఫోటోలకు జేపీజీ. పద్యం చదివి పంపాలంటే ఎంపీ3, వీడియోకు ఎంపీ4 మామూలు ఫోన్లలోనూ నడుస్తాయి.

అనుమతి: ఫైలు తెరుచుకున్నంత మాత్రాన మార్చే హక్కు వచ్చినట్టు కాదు. మొదటి పేజీలోనే 'క్రియేటివ్ కామన్స్ బై ఎస్ఏ' అని రాస్తే, తయారుచేసిన వారి పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. మార్చినదాన్ని కూడా అదే షరతుతో పంచాలి. ఇట్లాంటి స్వేచ్ఛా పాఠ్యసామగ్రిని ప్రోత్సహించమని 2019లో యునెస్కో సభ్యదేశాలకు సిఫారసు చేసింది. అయితే ఇతరుల గైడు పేజీలను స్కాన్ చేసి దానిమీద ఈ మాట రాయకూడదు. మనం సొంతంగా రాసినదానికే అది వర్తిస్తుంది.

మీరు చేయగలిగింది కూడా ఉంది. విద్యార్థులారా, మీ ఫోన్ కీబోర్డులో టైపు చేసే తెలుగు యూనికోడే. నోట్సులో తప్పు కనబడితే సరైన వాక్యం టైపు చేసి మీ అయ్యవారికి పంపండి. తల్లిదండ్రులారా, వాట్సాప్‌లో బొమ్మ పంపేటప్పుడు 'డాక్యుమెంట్'గా పంపండి, స్పష్టత తగ్గదు. మీ ఇంట్లో ఎవరైనా డీటీపీ పని చేస్తుంటే, పాత ఫాంట్లలో ఉన్న ప్రశ్నావళులను యూనికోడ్‌లోకి మార్చిపెట్టమని కోరుతున్నాం. ఒకసారి మార్చిన పాఠం మూడు తాలూకాల పిల్లలకూ పనికొస్తుంది.

— ప్రధానోపాధ్యాయులు