కలలో వైద్యం చేసిన దేవుడు

ఏథెన్స్ వెళ్లినవాళ్లు ఆక్రోపోలిస్ ఎలాగూ చూస్తారు. ఇంకో పూట చేతిలో ఉంటే ఉత్తరంగా కలామోస్ ఊరి వైపు వెళ్లి అంఫియారావోస్ క్షేత్రం చూడమంటాను. బస్సులను నమ్ముకోకుండా కారు మాట్లాడుకుంటే మంచిది. పైన్ చెట్ల నీడలో ఒక వాగు, దాని ఒడ్డున శిథిలాలు. చిన్న చోటే. కానీ పాతకాలపు గ్రీకు రోగి ఏ ఆశతో గడప తొక్కేవాడో ఇక్కడ తెలిసినంత దగ్గరగా నాకు మరెక్కడా తెలియలేదు.

అంఫియారావోస్ ఆర్గోస్‌కు చెందిన కాలజ్ఞాని. థీబ్స్ మీదికి దండెత్తితే ప్రాణాలతో తిరిగిరానని ఆయనకు ముందే తెలుసు. భార్య ఎరిఫిలే ఒక హారానికి ఆశపడి ఆయన్ను యుద్ధానికి పంపింది. ఓడి పారిపోతుంటే దేవతల రాజు జ్యూస్ పిడుగు వేసి నేలను చీల్చాడు. రథంతో సహా అందులోకి దిగిపోయిన మనిషి, ఈ వాగు పక్కనున్న ఊటలోంచి దేవుడై పైకి వచ్చాడని స్థానికుల నమ్మకం.

రోగులు పొట్టేలును బలిచ్చి, దాని తోలు పరుచుకుని ఇక్కడే నిద్ర చేసేవారు. దేవుడు కలలోకి వచ్చి వైద్యం చెప్పేవాడు. నయమైనవాళ్లు వెండి, బంగారు నాణేలు ఊటలో వేసి వెళ్లేవారు. క్రీ.పూ. 4వ శతాబ్దపు స్తంభాల మండపం పొడవు సుమారు 110 మీటర్లు. ఆ శతాబ్దానికే చెందిన ఒక శాసనంలో గుడి నియమాలున్నాయి. రుసుము 9 ఒబోల్ నాణేలకు తగ్గకూడదు. కట్టినవారి పేరూ ఊరూ పలక మీద రాసి అందరికీ కనబడేలా పెట్టాలి. నిద్రశాలలో మగవాళ్లు బలిపీఠానికి తూర్పున, ఆడవాళ్లు పడమర పడుకోవాలి. పూజారి వరసగా 3 రోజులకు మించి గైర్హాజరు కాకూడదు, నెలకు కనీసం 10 రోజులు ఉండాలి. ఆసుపత్రిలో నర్సుగా పనిచేసినదాన్ని, ఆ నియమాలు చదువుతుంటే వార్డు రిజిస్టరు తిరగేస్తున్నట్టే అనిపించింది. బాధతో వచ్చినవాడికి తన పేరు రాసుకునే మనిషి ఎదురుగా ఉండటమే సగం ధైర్యం.

1884లో ఇక్కడ తవ్వకాలు మొదలయ్యాయి. చిన్న నాటకశాలలో పాలరాతి సింహాసనాలు ఐదు మిగిలాయి. వంగి చూస్తే వాటి మీద చెక్కిన అక్షరాల్లో నికోన్ అనే పూజారి పేరు కనబడుతుంది. వాగు దాటితే నీటిగడియారం ఉంది: రాతి తొట్టి, అడుగున రంధ్రం, దాని దగ్గరికి దిగే మెట్లు. నీటిమట్టాన్ని బట్టి పొద్దు లెక్కకట్టేవారు.

నాకు అన్నిటికంటే ఇష్టమైన కథ పన్నుల తగాదాది. రోమన్ సేనాని సుల్లా ఇక్కడి ఒరోపోస్ పట్టణ ఆదాయాన్ని ఈ గుడికి రాసిచ్చాడు. అంఫియారావోస్ ఒకప్పుడు మనిషే కదా, దేవుడెలా అవుతాడు, పన్ను కట్టాల్సిందేనని వసూలుదార్లు వాదించారు. క్రీ.పూ. 73లో రోమ్‌లో తీర్పు గుడికే అనుకూలంగా వచ్చింది. గుడివాళ్లు దాన్ని రాతి మీద చెక్కించారు.

ఇక్కడికి రాకముందే ఏథెన్స్ జాతీయ పురావస్తు మ్యూజియంలో అర్కినోస్ అనే భక్తుడు సమర్పించిన ఫలకం చూడండి. ఒక పక్క దేవుడు అతని భుజానికి చికిత్స చేస్తున్నాడు. వెనక అదే మనిషి పడుకుని ఉంటే పాము ఆ భుజాన్నే తాకుతోంది. కలనూ నిజాన్నీ ఒకే రాతిలో చూపించాడు శిల్పి.

క్షేత్రం నుంచి స్కాలా ఒరోపూ రేవు దగ్గరే. భోజనానికి చేపలు దొరుకుతాయి, ఎవియా దీవిలోని ఎరెత్రియాకు పడవలూ ఉంటాయి. పాలరాయి తొడుగుతో కట్టిన మరథాన్ ఆనకట్ట ఏథెన్స్‌కు తిరిగొచ్చేటప్పుడు చూడొచ్చు. సముద్రపొడ్డున నెమెసిస్ దేవత గుడి, కోట ఉన్న రామ్నూస్‌ను మాత్రం ఇదే పూటలో ఇరికించకండి. ఇలాంటి చిన్న క్షేత్రాలు మధ్యాహ్నమే మూసేస్తుంటారు, ముందుగా వేళలు కనుక్కుని పొద్దున్నే బయల్దేరండి.