కూడికా? తీసివేతా?

“నాన్నా, ఇది కూడికా, తీసివేతా?” మూడో తరగతి పిల్లవాడున్న ఇంట సాయంత్రమయ్యేసరికి వినిపించే ప్రశ్నే ఇది. మొన్న ఫిల్మ్ నగర్‌లో ఒక మిత్రుని ఇంట నేనూ విన్నాను. లెక్క ఇదీ: రాము దగ్గర 12 గోళీలున్నాయి. సోము దగ్గరున్న వాటికంటే ఇవి 5 ఎక్కువ. సోము దగ్గర ఎన్ని?

‘ఎక్కువ’ అన్న మాట చూడగానే కుర్రాడు కూడేశాడు. జవాబు 17! తండ్రి కసిరాడు. వెంటనే 5 తీసేసి 7 అన్నాడు. ఎందుకు తీశాడో మాత్రం చెప్పలేడు.

ఈ జబ్బు మన పిల్లలకే కాదు లెండి. 1980 ప్రాంతంలో ఫ్రాన్సులో పరిశోధకులు చిన్న తరగతుల పిల్లలను, “ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి, కెప్టెను వయస్సెంత?” అని అడిగితే, చాలామంది 36 అన్నారట! అంకెలు కనిపించాయి, కలిపేశారు, పాపం.

పూర్వం ఈ ఆటలు సాగేవి కావేమో. మహావీరాచార్యుని గణితసారసంగ్రహాన్ని తెనిగించిన పావులూరి మల్లన లెక్కలను పద్యాలలో చెప్పాడు. పద్యం అర్థం కానిదే కూడేదేమిటి?

మా మిత్రుడు సినిమా ఎడిటరు. చివరకు పుస్తకం మూసి, “అంకెలు వదిలెయ్, సీను చెప్పరా. ఎవరి జేబు బరువు?” అన్నాడు.

“రాముదే.”

“మరి సోముకు 17 ఎలా ఉంటాయిరా?”

కుర్రాడు నాలుక కరుచుకున్నాడు. వాళ్ళమ్మ వంటింట్లోంచి చింతగింజలు తెచ్చింది. 12 పేర్చి, వాడే 5 పక్కకు జరిపాడు.

మర్నాడు గోళీల బదులు మామిడిపళ్ళ లెక్క. పెన్సిలు పట్టకముందే అడిగాడట: “ఇందులో ఎవరికి ఎక్కువ, నాన్నా?”