ముద్ర పడ్డాక ఆగిన చర్చ

1965 మార్చిలో అమెరికా కార్మిక శాఖ సహాయ కార్యదర్శి డేనియల్ పాట్రిక్ మొయినిహన్ నల్లజాతి కుటుంబాల స్థితిగతులపై ఒక నివేదిక పూర్తిచేశారు. 1973–75 మధ్య ఢిల్లీలో అమెరికా రాయబారిగా ఉన్నది ఈయనే. నల్లజాతి శిశువుల్లో దాదాపు నాలుగో వంతు పెళ్లికాని తల్లులకు పుడుతున్నారనీ, తండ్రి లేని ఇళ్లు పెరుగుతున్నాయనీ ఆయన లెక్కలు చూపారు. బానిసత్వం, వివక్ష, మగవాళ్లకు పనులు దొరక్కపోవడం ఇందుకు కారణాలన్నారు. చట్టాలు వచ్చినంత మాత్రాన సమానత్వం రాదు, ప్రభుత్వం ఇంకా చాలా చేయాలన్నది ఆయన వాదన. జూన్ 4న హోవర్డ్ విశ్వవిద్యాలయంలో అధ్యక్షుడు జాన్సన్ చేసిన ప్రసంగం ఈ నివేదిక ఆధారంగా సాగిందే.

ఆగస్టులో లాస్ ఏంజిలిస్‌లోని వాట్స్ ప్రాంతం అల్లర్లతో అట్టుడికింది. ప్రభుత్వం లోపలే తిరగాల్సిన నివేదిక సరిగ్గా అప్పుడే పత్రికలకెక్కింది. అల్లర్లకు కారణం నల్లవారి ఇళ్లలోనే ఉందన్నట్టు జనానికి వినిపించింది. మూలప్రతి చూడకుండానే మాట్లాడినవాళ్లకు కొదవలేదు. మనస్తత్వవేత్త విలియం రయాన్, కావాలని కాకపోయినా ఇది కొత్తరకం జాత్యహంకారానికి ఊతమిస్తోందన్నారు. ఆ 'కావాలని కాకపోయినా' ప్రచారంలో త్వరగానే రాలిపోయింది.

తప్పంతా ఒకవైపే లేదు. ఆ కుటుంబాలను రోగగ్రస్తమైనవిగా వర్ణించే మాటలు నివేదికలో ఉన్నాయి. పైగా ఏం చేయాలో చెప్పే సిఫారసులను మొయినిహన్ కావాలనే వదిలేశారు. పరిష్కారం లేని కాగితం నిందలా కనిపించడంలో వింత లేదు. గణాంకాలను ప్రశ్నించడం, వివక్ష సంగతి మరుగున పడుతుందని భయపడటం న్యాయమైన విమర్శలే. ఈ అంశంలో అవకాశమూ ఉంది, ప్రమాదమూ ఉందని ఆ అక్టోబరులో మార్టిన్ లూథర్ కింగ్ అన్నదీ ఆ కోవలోదే. జాత్యహంకారి అన్న ముద్ర అలాంటిది కాదు. ముద్ర పడ్డాక విషయం పక్కకుపోయి, మనిషి మనసులో ఏముందన్నదే ప్రశ్నవుతుంది. దానికి లెక్కలతో జవాబు చెప్పలేరు. ఎంత వివరిస్తే అంత బుకాయింపులా ఉంటుంది.

1966 జూన్‌లో వైట్‌హౌస్ పౌరహక్కుల సదస్సు జరిగేనాటికి కుటుంబం అన్న అంశమే చర్చాపట్టికలో లేదు. ఈ గొడవ చూసి ఉదారవాద పరిశోధకులు నిరుపేద నల్లజాతి బస్తీల సమస్యలపై రాయడానికే జంకారని, నల్లజాతికే చెందిన సామాజిక శాస్త్రవేత్త విలియం జూలియస్ విల్సన్ 1987లో రాశారు. ఆ ఖాళీలోకి సంప్రదాయవాదులు వచ్చారు. ఉద్యోగాలు కల్పించాలన్నది మొయినిహన్ ఉద్దేశం. వీళ్లు తప్పు సంక్షేమ పథకాలదేనని, వాటికి కోత పెట్టాలని వాదించారు.