ఎండను నిలువ చేయడం ఎట్లు?

పూర్వం మన పల్లెటిళ్ళలో వంటింట బియ్యపు డబ్బా, పెరట్లో వడ్ల గాదె ఉండేవి. ఈ పూటకు డబ్బా. ఏడాది గ్రాసానికి గాదె. వడ్లు దంచాలి, ఊక పోతుంది. అయినా ఏడాది తిండిని ఎవరూ డబ్బాలలో దాచలేదు. సౌరశక్తిని దాచడంలోనూ ఇదే సూత్రం వర్తిస్తుంది.

హైదరాబాదులోని బాలానగర్ వంటి పారిశ్రామిక వాడలో, కప్పుపై సౌరఫలకాలున్న చిన్న భవనం ఒకటి ఉన్నదనుకొందాము. ప్రొద్దు గ్రుంకిన తరువాత దీపాలకు, పంకాలకు 30 యూనిట్ల విద్యుత్తు కావాలి. లిథియం బాటరీలో దాచితే నూటికి సుమారు 90 వంతులు తిరిగి వస్తుంది. కనుక పగలు 33 యూనిట్లు నింపితే చాలును.

రెండవ మార్గం ఉదజని, అనగా హైడ్రోజన్. ఆమ్లం కలిపిన నీటిలో విద్యుత్తును ప్రవహింపజేస్తే ఒక గొట్టంలో ఆమ్లజని, రెండవ దానిలో అంతకు రెండింతల ఘనపరిమాణంలో ఉదజని చేరడం విద్యార్థులు ఎరిగినదే. ఈ చర్యను తిరగవేసి, ఆ రెండు వాయువుల నుంచి విద్యుత్తును రాబట్టవచ్చునని 1839 ప్రాంతంలో విలియం గ్రోవ్ చూపాడు. నేటి ఇంధన ఘటానికి అదే మూలం.

ఒక కిలోగ్రాము ఉదజనికి 9 కిలోగ్రాముల నీరు, 50కి పైగా యూనిట్ల విద్యుత్తు ఖర్చవుతాయి. ఇంధన ఘటం తిరిగి ఇచ్చేది 16 యూనిట్ల ప్రాంతమే. తక్కినది చాలవరకు వేడిగా పోతుంది. కనుక ఆ 30 యూనిట్లకు ఇక్కడ దాదాపు 100 యూనిట్ల ఎండ కావాలి!

మరి ఉదజని ఎందుకు? ముసురు పట్టి ఐదు రాత్రులు గడవాలంటే 150 యూనిట్లు కావాలి. అందుకు ఐదింతల బాటరీలు కొనాలి. వాటిలో అధికభాగం ఏడాదిలో ఎక్కువ కాలం ఊరకే పడి ఉంటుంది. ఉదజని పద్ధతిలో యంత్రాలు అవే. తొట్టి మాత్రం పెంచితే చాలును. దాదాపు 10 కిలోగ్రాముల వాయువు సరిపోతుంది. మామూలు పీడనంలో అది 110 ఘనమీటర్లకు పైగా ఆక్రమిస్తుంది. 30 రెట్ల పీడనంలో 4 ఘనమీటర్లలో ఇముడుతుంది. అయితే గాలిలో నూటికి 4 నుంచి 75 పాళ్ళ వరకు కలిసినప్పుడు ఉదజని అంటుకోగలదు. అది తేలిక వాయువు కనుక ఆ గదికి పైకప్పు వద్ద గవాక్షాలు తప్పనిసరి.

ఇటువంటి ఏర్పాటు తెలుగునాట కేవలం ఊహ కాదు. విశాఖపట్నం సమీపంలోని సింహాద్రి విద్యుత్కేంద్రపు అతిథిగృహానికి 2021 డిసెంబరులో ఎన్.టి.పి.సి. సంస్థ ఒక ప్రణాళిక ప్రకటించింది. నీటిపై తేలే సౌరఫలకాల విద్యుత్తుతో 240 కిలోవాట్ల యంత్రం పగలు ఉదజనిని తయారుచేయాలి. సాయంత్రం 5 నుంచి ఉదయం 7 వరకు 50 కిలోవాట్ల ఇంధన ఘటం విద్యుత్తునివ్వాలి. ఈ రెండు అంకెల వ్యత్యాసంలోనే, పైన చెప్పిన నష్టం తొంగిచూస్తున్నది.

కావున రాత్రికి బాటరీ, ముసురుకు ఉదజని. ప్రభుత్వ విద్యుత్తు తీగ చేరువలో ఉన్న భవనానికి రెండవది అవసరమా అన్నది ముందుగా లెక్కవేయాలి. తీగ చేరని చోటనే దాని విలువ ఎక్కువ. మీ పాఠశాల ఒక రాత్రికి, ఐదు రాత్రులకు ఎన్ని యూనిట్లు వాడుతుందో విద్యార్థులచే లెక్క కట్టించండి. ఏ గాదె ఎంత కావాలో ఆ లెక్కే చెబుతుంది.